చేసిన చేయి, చేయించిన మాట: హింసా నాటకంలో ఆత్మ, కర్తృత్వం

నాటకంలో ఒక పాత్ర నెత్తురోడుతూ నేలకు ఒరిగినప్పుడు ప్రేక్షకుని మనసులో మొదట లేచే ప్రశ్న ‘ఎవరు చేశారు?’ అన్నది. తెలుగు క్రియ ఈ ప్రశ్నకు మూడు రకాలుగా బదులిస్తుంది. ‘నరికాడు’ అన్నప్పుడు కత్తి పట్టిన చేయి, చంపదలచిన మనసు ఒకే మనిషిలో ఉన్నాయి. ‘నరికించాడు’ అన్నప్పుడు ఆ రెండూ ఇద్దరి మధ్య చీలిపోయాయి; మాట ఒకరిది, చేయి మరొకరిది. ‘పొడుచుకున్నాడు’ అన్నప్పుడు దెబ్బ కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ ఒక్కడే అయ్యాడు. ప్రేరణార్థకమైన ‘ఇంచు’, ఆత్మనేపదార్థాన్నిచ్చే ‘కొను’ అనే ఈ రెండు చిన్న రూపాలలో హింసను గురించిన తత్త్వచింతన చాలావరకు ఇమిడి ఉంది. హింసను రంగస్థలం మీదికి తెచ్చిన ఆధునిక నాటకాన్ని ఈ మూడు క్రియారూపాల వెలుగులో చదవడం, ఆ చదువులో ‘నేను’ అనే భావన ఏమవుతున్నదో గమనించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీమ, నాటకం

ఈ పరిశీలనకు ఒక నేల కావాలి. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉన్న సోమందేపల్లె అటువంటి నేల. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలోనూ, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు దక్కను పీఠభూమిలోని కరువు మెట్టలో భాగం. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ పడే వాన కూడా వేరుశనగకు అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. ఊరికి ఉత్తరాన కనిపించే పెనుకొండ, 1565లో రక్కసితంగడి యుద్ధంలో అళియ రామరాయల తల తెగిన తరువాత, తిరుమలరాయలు విజయనగర రాజ్యశేషాన్ని తెచ్చి నిలుపుకొన్న చోటు. ఇంకా ఉత్తరాన ధర్మవరం. దక్షిణాన హిందూపురం దాటితే లేపాక్షి. ధర్మవరం పక్కనే తోలుబొమ్మలాటకు పేరుపొందిన నిమ్మలకుంట.

ఆధునిక తెలుగు నాటకం పుట్టుకలో ఈ సీమకు పెద్ద పాలు ఉంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇక్కడివాడు; ఆయన వకీలుగా బళ్లారిలో స్థిరపడి సరసవినోదినీ సభను నడిపాడు. అదే ఊరిలో సుమనోరమ సభకు ప్రాణమైన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) విజయనగర పతనాన్ని ‘రామరాజు చరిత్రము’గా నాటకీకరించాడు. రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) ఆ నాటకంలోని పఠాను పాత్రతో ప్రఖ్యాతి పొందాడు. కూలిన రాజ్యం, తెగిన తల, కరువు నేల ఉన్నచోట నాటకం హింసను పట్టించుకోకుండా ఉండడం సాధ్యం కాలేదు.

కర్త అనే మాట

పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించాడు. ఆ వెంటనే, ఆ స్వతంత్రుణ్ణి ప్రేరేపించేవానికి ‘హేతువు’ అని పేరుపెట్టి, అతనికి కర్తృత్వాన్ని కూడా ఇచ్చాడు. ఇందులోని చిక్కు గమనించదగినది. ఒకడు ప్రేరేపిస్తే పనిచేసేవాడు స్వతంత్రుడెలా అవుతాడు? వ్యాకరణం సమాధానం స్థూలంగా ఇది: ప్రేరేపితుడైనా పని జరిగే క్షణంలో తన వ్యాపారానికి తానే ప్రధానుడు, చేయి తనదే కనుక ఆపగల శక్తి కూడా తనదే. అందువల్ల ‘నరికించాడు’ అన్న వాక్యంలో కర్తలు ఇద్దరు. వాక్యం ఒకరినే ప్రథమావిభక్తిలో నిలిపి, మరొకరిని ‘తలారిచేత’ అంటూ తృతీయలోకి నెట్టినా, అర్థంలో ఇద్దరూ మిగులుతారు.

దర్శనాలు ఈ ప్రశ్నను మరింత లోతుకు తీసుకుపోయాయి. నైయాయికుల లెక్కలో జ్ఞానం, చేయాలన్న కోరిక, ప్రయత్నం, శరీరచేష్ట అనేవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటి మూడూ ఆత్మ గుణాలు కనుక కర్తృత్వం ఆత్మదే. సాంఖ్యులు దీన్ని తలకిందులు చేశారు. పురుషుడు కేవల ద్రష్ట, చేసేదంతా ప్రకృతి. పురుషుని సాన్నిధ్యంలో ప్రకృతి చేసినదాన్ని ‘నేను చేశాను’ అనుకోవడమే బంధం. ప్రకృతిని వారు రంగస్థలం మీద ఆడి విరమించే నర్తకితో పోల్చడం నాటక విమర్శకునికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం. సాంఖ్యంలో ఆత్మ ప్రేక్షకుడు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అనే ఐదు కారణాలు చెప్పి, వాటిలో ‘నేనే’ కర్తననుకొనేవాని చూపు సరియైనది కాదంటుంది. యుద్ధం చేయమని ప్రోత్సహించే గ్రంథంలోనే ఈ మాట రావడం ఎవరినైనా నిలిపి ఆలోచింపజేస్తుంది. చంపినా చంపనివాడు ఒకడుంటాడన్న భావన మోక్షశాస్త్రంలో ఒక అర్థం ఇస్తుంది. ఊరి రచ్చబండ మీద, న్యాయస్థానంలో, నాటకశాలలో వేరే అర్థం ఇస్తుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఈ ప్రశ్నను కంటికి చూపిస్తుంది. మేకతోలుతో చేసిన బొమ్మకు చేతులు విడిగా అతికి ఉంటాయి. తెర మీద భీముని చేయి లేచి దుశ్శాసనుని మీద పడుతుంది. ఆ చేతిని ఆడించే పుల్ల తెర వెనుక మనిషి చేతిలో ఉంది. ఆ మనిషి నోరే పద్యం పాడుతోంది. అతని కాలి కింది చెక్కే యుద్ధధ్వని చేస్తోంది. చూసేవారు మాత్రం భీముడే కొట్టాడంటారు. వెలుగు తెరకు వెనుక ఉంది కనుక నీడ ఇటువైపు పడుతుంది, చేయించినవాడు కనబడడు. ‘ఇంచు’ అనే ప్రత్యయానికి ఇంతకంటే సూటియైన దృశ్యరూపం ఊహించడం కష్టం.

నిషేధం, ఉల్లంఘన

సంస్కృత నాట్యసంప్రదాయం యుద్ధాన్ని, రాజ్యభ్రంశాన్ని, మరణాన్ని, నగర ముట్టడిని అంకంలో ప్రత్యక్షంగా చూపవద్దన్నది. వాటిని ప్రవేశకాల ద్వారా సూచించాలి. ఇది సౌకుమార్యం కోసం పెట్టిన నియమం మాత్రమే కాదు. దీని వెనుక రససిద్ధాంతపు తర్కం ఉంది. అభినవగుప్తుడు భయానక రసానికి ఉదాహరణగా శాకుంతలం మొదటి అంకంలో బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని తీసుకొన్నాడు. ఆ భయం లేడిది కాదు, వేటగానిది కాదు, చూసేవానిది కూడా కాదు. ఏ వ్యక్తికీ అంటుకోని భయం. ఈ సాధారణీకరణం వల్లనే అది ఆస్వాద్యమవుతుంది. రంగం మీద కళ్లెదుట ఒక దేహం తెగిపడితే ఆ దూరం చెదరుతుంది. ప్రేక్షకునిలోని ‘నేను’ మేలుకొంటుంది. ‘నేను ఏం చేయాలి?’ అన్న ప్రశ్న పుట్టిన క్షణంలో రసం చెదరుతుంది.

అయితే సంప్రదాయంలోనే దీనికి మినహాయింపు ఉంది. భాసుని పేర గణపతిశాస్త్రి 1912 నుండి ప్రకటించిన నాటకాలలో ఊరుభంగం ఒకటి. అందులో తొడలు విరిగిన దుర్యోధనుడు రంగం మీదనే ప్రాణం విడుస్తాడు. ఒడిలో కూర్చోబోయిన కొడుకుకు ఆ ఒడి ఇక లేదని చెప్పవలసి రావడం ఆ నాటకపు శిఖరం. తనను పడగొట్టింది భీముడు కాదనీ, అతని గదలో ప్రవేశించిన శ్రీహరి అనీ దుర్యోధనుడు భావించడం ఇక్కడ గుర్తించవలసిన అంశం. ఓడినవాడు శత్రువు నుండి కర్తృత్వాన్ని లాక్కొని దైవానికి అప్పగిస్తాడు. దానివల్ల పగ చల్లారుతుంది. కర్త ఎవరన్నది నిర్ణయించడంలోనే పగ కొనసాగడమో ఆగడమో తేలుతుందని ఈ ప్రాచీన నాటకం ఎరిగి ఉంది.

తెలుగులో నిషేధాన్ని తెలిసి ఉల్లంఘించిన రచనగా రామకృష్ణమాచార్యుల ‘విషాదసారంగధర’ను చెప్పాలి. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రలు దానిని లెక్కిస్తున్నాయి. కథ పాతదే. గౌరన నవనాథచరిత్రలోనూ, చేమకూర వెంకటకవి సారంగధరచరిత్రలోనూ ఉన్నది. గురజాడ 1883లో దానిని ఇంగ్లీషు కావ్యంగా రాశాడు. రాజరాజనరేంద్రుని కొడుకు సారంగధరుడు ఎగిరిపోయిన పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్తాడు. ఆమె కోరుతుంది, అతడు కాదంటాడు. ఆమె అతనిపై నింద మోపుతుంది. రాజు కాలుసేతులు నరికించమంటాడు. పాత కథలో సిద్ధుని దయవల్ల తెగిన అవయవాలు తిరిగి వస్తాయి. ఆ ఊరటను తీసివేయడమే రామకృష్ణమాచార్యుల సాహసం.

ఆ ఊరట పోయిన వెంటనే కర్తృత్వ సమస్య నగ్నంగా మిగులుతుంది. చిత్రాంగి ఎవరినీ కొట్టలేదు. ఒక మాట చెప్పింది. రాజూ కొట్టలేదు, ఒక ఆజ్ఞ ఇచ్చాడు. కొట్టిన తలారికి పగ లేదు, కోరిక లేదు, కారణం కూడా తెలియకపోవచ్చు. నైయాయికుని క్రమాన్ని ఇక్కడ పెట్టి చూస్తే జ్ఞానం ఒకరిలో, కోరిక మరొకరిలో, చేష్ట మూడవవారిలో ఉన్నాయి. నేరం జరిగింది, పూర్తి కర్త ఎక్కడా లేడు. రాజుది అబద్ధజ్ఞానం, చిత్రాంగిది శరీరం లేని ప్రయత్నం, తలారిది మనసు లేని చేయి. వాక్యంలో చెక్కుచెదరకుండా నిలిచి ఉన్న పదం ఒక్కటే, అది కర్మ. సారంగధరుడు వ్యాకరణరీత్యా కర్మ. జనం నోట అతనిది ‘కర్మ’. తెలుగులో ఈ ఒక్క మాటే చేసిన పనిని, పనికి గురైన వస్తువును, తలరాతను చెబుతుంది. ముగ్గురు కర్తలు తమ తమ వాటాలను ‘కర్మ’ అన్న మాటలోకి తోసివేసి చేతులు కడుక్కోవచ్చు. సిద్ధుడు రాని విషాదాంతం ఆ సౌకర్యాన్ని ఇవ్వదు.

ఇదే కథ, వేరే ఆత్మ

సవతితల్లి కోరిక, యువకుని నిరాకరణ, అబద్ధపు నింద, తండ్రి ఆగ్రహం అనే ఈ చట్రం గ్రీకు నాటకంలో ఫీడ్రా–హిప్పోలిటస్ కథగా ఉంది. యూరిపిడీస్ (క్రీ.పూ. 428), సెనెకా, రసీన్ (1677) దానిని నాటకం చేశారు. 1996లో లండన్ గేట్ థియేటరులో ప్రదర్శితమైన శారా కేన్ నాటకం ‘ఫీడ్రాస్ లవ్’ దానిని మన కాలపు హింసా నాటకంగా మార్చింది. విషాదసారంగధరను దాని పక్కన పెట్టి చదవడం రెండింటికీ వెలుగునిస్తుంది.

సారంగధరుని ఆత్మ అతడు చేయని పనిలో ఉంది. తాను దోషిని కానన్నదే అతని ‘నేను’. దేహం ఖండఖండాలైనా ఆ ‘నేను’ తెగదు. కేన్ హిప్పోలిటస్‌కు అటువంటి లోపలి గది లేదు. అతడు రోజంతా టీవీ చూస్తూ, తింటూ, దేనిమీదా ఇష్టం లేక పడి ఉండే రాజకుమారుడు. ఫీడ్రా అతనిపై అత్యాచార నింద రాసిపెట్టి ఉరివేసుకొంటుంది. నిర్దోషి కావలసినవాడు ఆ నిందను కాదనకుండా స్వీకరిస్తాడు. ఎందుకంటే తనకు జరిగినవాటిలో నిజమైన సంఘటన అదొక్కటే. చివరకు జనసమూహం అతన్ని చీల్చి చంపుతుంది. ఆ చీలికలోనే అతనికి తాను బతికి ఉన్నానన్న స్పృహ కలుగుతుంది. సారంగధరుడు చేయనిదాన్ని చేయలేదని చెప్పడం ద్వారా తానుగా నిలిచాడు. హిప్పోలిటస్ చేయనిదాన్ని తనదిగా తీసుకోవడం ద్వారా తాను అయ్యాడు. మొదటి నాటకంలో ఆత్మ ముందే ఉంది, క్రియ దానిని పరీక్షిస్తుంది. రెండవదానిలో క్రియ ముందు, ఆత్మ తరువాత.

ఈ రెండవ భావనను యూరపు నాటకంలో సిద్ధాంతస్థాయిలో చర్చించినవాడు సార్త్ర్. ఆయన 1948 నాటకం ‘మురికి చేతులు’లో హ్యూగో అనే యువకుణ్ణి పార్టీ హోడెరర్ అనే నాయకుణ్ణి చంపడానికి పంపుతుంది. హ్యూగో తటపటాయిస్తాడు, హోడెరర్‌ను అభిమానిస్తాడు కూడా. తీరా తన భార్య అతని కౌగిట కనబడిన క్షణంలో తుపాకి పేల్చేస్తాడు. చంపింది ఆశయం కోసమా, అసూయతోనా? అతనికే తెలియదు. జైలు నుండి వచ్చేసరికి పార్టీ హోడెరర్ విధానాన్నే అనుసరిస్తోంది. ఆ హత్యను ఉద్రేకంలో జరిగినదిగా మరచిపొమ్మంటారు. హ్యూగో ఒప్పుకోడు. తుపాకి పేల్చినప్పుడు లేని ఉద్దేశాన్ని, ప్రాణం పణంగా పెట్టి, ఇప్పుడు ఆ పనికి జోడిస్తాడు. పార్టీ ‘చేయించింది’, అతడు దాన్ని ‘చేశాను’గా మార్చుకొన్నాడు. తరువాతి సంవత్సరం వచ్చిన కామూ ‘న్యాయవంతులు’ నాటకంలో కాలియాయెవ్ గ్రాండ్ డ్యూకు బండిలో పిల్లలున్నారని చూసి మొదటిసారి బాంబు విసరడు. చేయించినవారి ఆజ్ఞ ఉన్నా చేయి తనది. తరువాత చంపాక క్షమాభిక్షను తిరస్కరించి తన ప్రాణాన్ని మూల్యంగా ఇస్తాడు. పాణిని చెప్పిన ‘స్వతంత్రుడు’ ఇక్కడ నాటకపాత్రగా నిలిచాడు.

ఎడ్వర్డ్ బాండ్ 1965 నాటకం ‘సేవ్డ్’ వీటన్నిటికంటె కఠినమైన ప్రశ్న వేసింది. లండన్ పార్కులో కొందరు కుర్రవాళ్లు తోపుడుబండిలో ఉన్న పసిబిడ్డను ఆటగా మొదలుపెట్టి రాళ్లతో కొట్టి చంపుతారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరికీ పగ లేదు. ఒకడు మొదలుపెడితే మరొకడు కొనసాగించాడు. అక్కడి నాటక తనిఖీ అధికారి ఆ దృశ్యానికి అనుమతి నిరాకరించడం, అటుపై 1968లో బ్రిటన్‌లో నాటక తనిఖీ వ్యవస్థే రద్దు కావడం చరిత్ర. బాండ్ చూపిన భయంకరమైన విషయం రాళ్లు కాదు, రాయి విసిరినవారిలో ‘నేను’ కనబడకపోవడం. వారు ‘జరిగింది’ అంటారు.

‘కొను’: ఏకవచనంలో, బహువచనంలో

సోమందేపల్లె నుండి లేపాక్షికి వెళితే మూడవ క్రియారూపం ఎదురవుతుంది. అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ ఆ వీరభద్రాలయాన్ని కట్టించాడు. రాజధనం వాడుకొన్నాడన్న ఆరోపణ మీద రాజు అతని కళ్లు తీయించమన్నాడనీ, ఆ మాట విని విరూపణ్ణ తన కళ్లను తానే పెరుక్కొని గోడకు కొట్టాడనీ ఐతిహ్యం. అసంపూర్ణంగా ఉన్న కల్యాణమండపం దగ్గరి గోడమీది ఎర్రని మరకలను ఇప్పటికీ ఆ కథతోనే చూపుతారు. ఇది చరిత్ర అవునా కాదా అన్నది వేరే విచారం. జనం ఈ కథను ఇలా ఎందుకు కట్టుకొన్నారన్నది ఇక్కడి ప్రశ్న.

రాజు ‘తీయించు’ అన్నాడు. విరూపణ్ణ దానిని ‘తీసుకొను’గా మార్చాడు. ఫలితం ఒకటే, కళ్లు పోయాయి. క్రియలో మాత్రం ‘ఇంచు’ పోయి ‘కొను’ వచ్చింది. రాజాజ్ఞకు ప్రథమావిభక్తి దక్కకుండా చేయడమే అతని తిరుగుబాటు. సొఫోక్లీస్ ఈడిపస్ కూడా తన బాధలకు మూలం అపోలో అని ఒప్పుకొంటూనే కళ్లు పొడుచుకొన్న చేయి మాత్రం తనదేనంటాడు. దైవం చేయించిన జీవితంలో తాను చేసుకొన్న ఒక్క పనిని వేరుచేసి పట్టుకోవడం ఇద్దరిలోనూ ఉంది. ఇందులో గొప్పతనం ఉంది, ప్రమాదమూ ఉంది. ‘కొను’ రాగానే రాజు వాక్యంలో నుండి తప్పుకొంటాడు. విరూపణ్ణ ధైర్యాన్ని తలచుకొన్న కొద్దీ అచ్యుతరాయని ఆజ్ఞను మరచిపోవడం సులభమవుతుంది.

బహువచనంలో ఈ ‘కొను’ మరొక అర్థం తెచ్చుకొంటుంది. ‘పొడుచుకున్నాడు’ అంటే తనను తాను. ‘పొడుచుకున్నారు’ అంటే ఒకరినొకరు. ఆత్మార్థకమే పరస్పరార్థకమవుతుంది. ఒకే ఊరివారు, ఒకే బావి నీళ్లు తాగినవారు కొట్టుకొన్నప్పుడు భాష వారిని ఒకే ఆత్మగా లెక్కిస్తోందా అనిపిస్తుంది. సీమ ముఠా కక్షలను ఇతివృత్తంగా తీసుకొన్న సినిమా, ముఖ్యంగా 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తరువాతి ఒరవడి, ఈ క్రియను అర్థం చేసుకోలేదు. అందులో నాయకుడు స్వయంగా నరుకుతాడు; చేయి, మాట, మనసు అన్నీ అతనివే. కర్త, కర్మ, క్రియ తానే అయిన ఆ వీరుడు ప్రేక్షకునికి ఊరటనిస్తాడు. కక్షల వాస్తవం అందుకు విరుద్ధం. అక్కడ చేయించేవారు ఊరిలో ఉంటారు, చేసినవారు జైలులో ఉంటారు, జరిగినదాన్ని ఇరుపక్షాల ఆడవారు మోస్తారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి హత్యను, ప్రేరేపణను, కుట్రను వేర్వేరు సెక్షన్లలో పెట్టింది ఈ చీలికను పట్టుకోవడానికే. సినిమా అతికించినదాన్ని చట్టం విడదీస్తుంది. విడదీసి చూపడం నాటకం పని కూడా.

వేషం, పూనకం, సాక్షి

అనంతపురం పల్లెలలో శివరాత్రికో, ఉగాదికో, జాతరకో ‘కురుక్షేత్రం’ నాటకం ఆడడం పాత అలవాటు. హార్మోనిస్టు దగ్గర నెలల తరబడి పద్యాలు నేర్చుకొన్న రైతులు ఆ రాత్రి వేషం కడతారు. ‘కట్టడం’ అన్న మాట అర్థవంతమైనది. ఆత్మ మీద మరొక ఆత్మను తాత్కాలికంగా ముడివేయడం అది. దుర్యోధనుడు వేసినాయన తెల్లవారాక చేనికి పోతాడు. ఊరు మాత్రం కొన్నాళ్లపాటు ఆయనను ఆ పేరుతోనే పిలుస్తుంది. యుద్ధభూమిలో పడినవాడు వన్స్‌మోర్ కేకకు లేచి పద్యం మళ్లీ అందుకొన్న సంగతులు నవ్వుతూ చెప్పుకొంటారు. ఆ నవ్వు వెనుక ఒక తత్త్వం ఉంది. పద్యనాటకంలో చావు నటునికి అంటదు. సాంఖ్యపురుషుని వలె అతడు చూస్తూ ఉంటాడు. రాఘవ ఉద్వేగసన్నివేశాలలో రాగాలాపనను తగ్గించి, మాటకూ ముఖానికీ ప్రాధాన్యమిచ్చినప్పుడు ఈ రక్షణనే తొలగించాడు. చస్తున్నవాడు పాడకుండా చావవలసి వస్తే చావు దగ్గరకు వస్తుంది.

దీనికి మరొక కొస చిత్తూరు జిల్లా భారత మహోత్సవాలలోని దుర్యోధన వధ. నేలమీద మలచిన మహాకాయుని తొడమీద భీమవేషధారి గదతో కొడతాడు. వేషం కట్టినవానికి పూనకం రావడం అక్కడ వింత కాదు. పూనకంలో కొట్టిన దెబ్బకు కర్త ఎవరు? గ్రామం దేవుడంటుంది. ఆ జవాబుకు ఒక హద్దు ఉంది, కొట్టింది మట్టిని. మట్టి స్థానంలో మనిషి ఉంటే ఆ జవాబు చెల్లదని గ్రామానికి తెలుసు. అనుష్ఠానం హింసకు కట్టిన గట్టు అది.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి ఆడినప్పుడు ఆ గట్టు వేరే దిక్కుకు తెగింది. అక్కడ కర్త ‘నేను’ కాదు, ‘మేము’. తెలంగాణ రైతుల సాయుధ ప్రతిఘటనను చూపిన ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రసం చెదరి ‘మనం ఏం చేయాలి?’ అన్న ప్రశ్న పుట్టడమే అక్కడ నాటక ప్రయోజనం. పాత శాస్త్రం భయపడినదాన్నే కొత్త నాటకం కోరుకొన్నది. ‘మేము’లో ఒక్కొక్క ‘నేను’ ఎంతవరకు బాధ్యుడన్న ప్రశ్న అయినా తీరలేదు. సార్త్ర్ హ్యూగో అడిగినదీ అదే.

ఈ అన్ని నాటకాలలోనూ ఎక్కువగా వెలుగు పడనివాడు తలారి. షేక్స్‌పియర్ ‘లియర్ రాజు’లో గ్లాస్టర్ కళ్లు పెరుకుతున్న ప్రభువును ఒక సేవకుడు అడ్డుకొంటాడు. అతనికి పేరు లేదు. కొన్ని మాటలలోనే అతని పాత్ర ముగుస్తుంది. చిన్ననాటి నుండి ఆ ప్రభువునే కొలిచినవాడు ఆ క్షణంలో కత్తి దూసి, ప్రభువును గాయపరచి, తాను చస్తాడు. గ్లాస్టర్ చూపు నిలవదు. అయినా ఆ గాయంతో ప్రభువు చస్తాడు. ‘ఇంచు’ అనే గొలుసు తెగగలదని చూపినవాడు ఆ అనామకుడు. కరణం కర్తగా మారే క్షణం అది. సారంగధర కథను కొత్తగా రాయదలచినవారు తలారి దగ్గర నుండి మొదలుపెట్టడం మంచిది.

వ్రాయవలసిన నాటకం

ఈ చర్చకు ఈ మెట్టనేలలో ఒక అనివార్యమైన ముగింపు ఉంది. కరువు సీమలో గత కొన్ని దశాబ్దాలుగా ఎక్కువగా వినబడిన హింసావాచకం హత్య కాదు, ఆత్మహత్య. ఈ మాటలోనే ఆత్మ ఉంది. ఉరివేసుకొన్నాడు అన్న క్రియలో ‘కొను’ ఉంది. విరూపణ్ణ కథలో రాజు తప్పుకొన్నట్లే ఈ వాక్యంలో నుండి చాలా మంది తప్పుకొంటారు. ఎండిన బోరు, మొలవని విత్తనం, వడ్డీ లెక్క, పడిపోయిన ధర అన్నీ కలిసి చేయించినదాన్ని వ్యాకరణం చేసుకొన్నదిగా నమోదు చేస్తుంది. శిక్షాస్మృతిలోని 306వ సెక్షను, 2024 జులై నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 108వ సెక్షను ఆత్మహత్యకు ప్రేరేపించినవానిని శిక్షిస్తాయి. అంటే ‘కొను’ లోపల దాగిన ‘ఇంచు’ను వెతుకుతాయి. అయితే చట్టానికి కావలసింది ఒక మనిషి. వానకు, బజారుకు, నిర్లక్ష్యానికి వాంగ్మూలం రాయడం దానికి చేతకాదు.

దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. అంతా దైవం, కర్మ అనడం మొదటిది. అప్పుడు చేయించిన మనుషులందరూ నిమ్మలకుంట తెర వెనుకకు పోతారు. అంతా వ్యవస్థ అనడం రెండవది. అప్పుడు చనిపోయిన రైతు బొమ్మగా మిగులుతాడు, అతని తుది నిర్ణయంలోని బాధ, పంతం, అవమానం లెక్కకు రావు. గీత చెప్పిన ఐదు కారణాల జాబితాను ఇక్కడ అహంకారాన్ని కరిగించే ఉపదేశంగా కాక, వాటాలు తేల్చే లెక్కగా చదవాలి. దేహం, మనిషి, సాధనాలు, చేష్టలు, వశంలో లేనిది అనే ఐదింటిలో దేని వాటా దానికి రాయాలి. వానది వానకు, వడ్డీది వడ్డీకి, మనిషిది మనిషికి. నాటకం ఒక్కటే ఈ లెక్కను దేహాలతో, గొంతులతో, అందరి ఎదుట వేయగలదు. కావ్యం వర్ణిస్తుంది, చట్టం ఎంచుకొంటుంది; నాటకం అందరినీ ఒకే రంగం మీద నిలబెడుతుంది.

తెలుగులో ‘కర్త’కు మరొక అర్థం కూడా ఉంది. అపరకర్మలు చేసేవాణ్ణి కర్త అంటారు. చావు దగ్గర చచ్చినవాడు కాదు, చంపినవాడు కాదు, కొరివి పట్టినవాడు కర్త. జరిగినదాన్ని తానే చేయకపోయినా దాని తరువాతి బాధ్యతను చేతుల్లోకి తీసుకొన్నవాడు అతడు. సారంగధరుని తండ్రికి, హ్యూగోకు, పార్కులోని కుర్రవాళ్లకు అందని కర్తృత్వం ఇది. హింసా నాటకం చూసి లేచిన ప్రేక్షకునికి మిగిలే స్థానం కూడా బహుశా ఇదే. అతడు చేయలేదు, చేయించలేదు, చేసుకోలేదు. అయినా నేల మీద ఒక దేహం ఉంది, దానికి జరగవలసినవి ఉన్నాయి.